ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతున్నారా?

బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: ‘‘అన్నా, ఇన్‌స్టాల్ అవ్వట్లేదు. అన్నీ ఎర్ర లైన్లే వస్తున్నాయి.’’ మెషీన్ లెర్నింగ్ అంటే లెక్కలు, అల్గారిథమ్‌లు అని భయపడిన పిల్లలు నిజానికి అంతదాకా వెళ్లనే వెళ్లరు. విండోస్ ల్యాప్‌టాప్‌లో టెన్సర్‌ఫ్లోనో, డీలిబ్‌నో ఎక్కించే దగ్గరే రోజులు గడిచిపోతాయి. గడువు ముంచుకొచ్చాక, రెడీమేడ్ ప్రాజెక్టు అమ్మేవాళ్లకు డబ్బు కట్టి చేతులు దులుపుకుంటారు. అక్కడే ఒక మంచి అవకాశం చేజారిపోతోంది. ఆ ఎర్ర లైన్లు చదివి, కారణం పట్టుకుని సరిచేయడమనేది కంపెనీలు జీతం ఇచ్చి చేయించుకునే పని. ప్రాజెక్టు ఏదైనా సరే, ఆ పని మీకు వచ్చని చూపించగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువొస్తుంది.

చాలా ఎర్రర్లకు మూలం క్యాలెండర్‌లో ఉంది. 2020 నుంచి పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో విడుదలవుతోంది. మన ప్రాజెక్టుల హడావుడి ఊపందుకునేది ఆ తర్వాతే. విద్యార్థి పైథాన్ వెబ్‌సైట్ తెరిచి, అన్నిటికన్నా కొత్తది దించుకుంటాడు. ఆ కొత్త వెర్షన్‌కు సరిపోయే ఫైళ్లను టెన్సర్‌ఫ్లో వాళ్లు అప్పటికి విడుదల చేసి ఉండరు. అందుకే ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అని వస్తుంది. మీ పైథాన్‌కు, మీ విండోస్‌కు కుదిరే ఫైలు దొరకలేదని దాని అర్థం. వైఫై మార్చినా, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసినా అది పోదు. ఒకటి రెండు వెర్షన్లు వెనక్కి వెళ్లి, 64 బిట్ పైథాన్ వేసుకుంటే పోతుంది. పొరపాటున 32 బిట్ వేసుకున్నవాళ్లకూ ఇదే సందేశం వస్తుంది కాబట్టి రెండూ చూసుకోవాలి.

కొనుక్కున్న ప్రాజెక్టుల సంగతి దీనికి తిరగేసిన కథ. అందులోని కోడ్ ఏ 2019లోనో రాసి ఉంటుంది, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో టెన్సర్‌ఫ్లో 1.14 అని ఉంటుంది. దానికి పైథాన్ 3.7 దాటితే కుదరదు. కొత్త టెన్సర్‌ఫ్లో వేసి నడిపిస్తే ‘సెషన్’ అనేదే లేదంటుంది, ఎందుకంటే 2.0 వచ్చినప్పుడు పని చేసే పద్ధతే మారిపోయింది. కోడ్ ఏ సంవత్సరానిదో ముందు చూడండి. ఆ ఏడాదికి తగిన వెర్షన్లు వేసుకోవడమా, కోడ్‌నే కొత్త పద్ధతికి మార్చుకోవడమా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. దానికి వాడే ‘ఫేస్ రికగ్నిషన్’ ప్యాకేజీ డీలిబ్ మీద ఆధారపడుతుంది. డీలిబ్‌ను సి ప్లస్ ప్లస్‌లో రాశారు. పైథాన్ ప్యాకేజీలు రెండు రకాలుగా వస్తాయి. వీల్ ఫైలు అయితే వండి క్యారేజీలో పెట్టిన భోజనం, సోర్స్ అయితే బియ్యం, కూరలు ఇచ్చి మీరే వండుకోమన్నట్టు. విండోస్‌కు డీలిబ్ సోర్స్‌గానే వస్తుంది. వండడానికి పొయ్యీ గిన్నే లేకపోతే ఎర్ర లైన్లు తెర నిండా పారతాయి. విద్యార్థి కిందికి దిగి చివరి లైను చదువుతాడు: ‘ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్ ఫర్ డీలిబ్’. ఆ లైను ఏమీ చెప్పదు. అసలు కారణం పైన ఎక్కడో మధ్యలో ఉంటుంది. సీమేక్ లేదని ఉండొచ్చు, లేదా విజువల్ సి ప్లస్ ప్లస్ 14.0 గానీ అంతకన్నా కొత్తది గానీ కావాలని ఉండొచ్చు. ఓపిగ్గా పైకి వెళ్లి ‘ఎర్రర్’ అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగండి. అప్పుడు సీమేక్ ఇన్‌స్టాల్ చేసి, మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్‌లో ‘డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సి ప్లస్ ప్లస్’ టిక్ పెట్టి, కొత్త కమాండ్ విండో తెరిచి మళ్లీ నడిపించండి. బిల్డ్ టూల్స్‌కే కొన్ని జీబీల డేటా అవుతుంది కాబట్టి కాలేజీ నెట్‌లోనే దించుకోండి. కంపైల్ అవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆగిపోయిందనుకుని విండో మూసేయకండి. ఇంత శ్రమ వద్దనుకుంటే, ఓపెన్‌సీవీ 4.5.4 నుంచి ముఖాలను కనిపెట్టే, పోల్చే సదుపాయాలు అందులోనే ఉన్నాయి. అది విండోస్‌కు వీల్‌గానే దొరుకుతుంది. ఈ రెండో దారి ఉందని తెలుసుకుని, ఏది ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలిగితే దాన్ని ఇంజనీరింగ్ అంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు పైథాన్‌లు ఉంటాయి. పిప్ ఒకదానిలో ఎక్కిస్తుంది, జూపిటర్ ఇంకొకదానిలో వెతుకుతుంది. ఉత్త పిప్ బదులు ‘పైథాన్ మైనస్ ఎమ్ పిప్’ అని వాడండి, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. 2024 జూన్‌లో న్యూంపై 2.0 వచ్చాక, పాతదానితో కంపైల్ అయిన ప్యాకేజీలు చాలా మొరాయించాయి. ఎర్రర్‌లో ‘న్యూంపై 1.ఎక్స్’ అని కనిపిస్తే 2 కన్నా తక్కువ వెర్షన్ వేసుకోవాలి. ల్యాబ్‌లోని పాత పెంటియమ్, సెలెరాన్ సిస్టమ్‌లలో టెన్సర్‌ఫ్లో డీఎల్‌ఎల్ లోడ్ కావట్లేదంటే ప్రాసెసర్ వైపు చూడండి. 1.6 వెర్షన్ నుంచి రెడీమేడ్ టెన్సర్‌ఫ్లోకు ఏవీఎక్స్ సదుపాయం ఉన్న ప్రాసెసర్ కావాలి. అది లేని మెషీన్ మీద ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా పనవ్వదు, గూగుల్ కొలాబ్‌కు మారడమే నయం.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. విండోస్‌లో నేరుగా జీపీయూ వాడుకోనిచ్చిన చివరి టెన్సర్‌ఫ్లో 2.10, అది 2022లో వచ్చింది. ఆ తర్వాతి వెర్షన్లకు జీపీయూ కావాలంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకోవాలి. పైటార్చ్ 2018 నుంచి విండోస్‌ను అధికారికంగా ఆదరిస్తోంది కానీ, మామూలుగా పిప్‌తో వేస్తే సీపీయూ వెర్షన్ వస్తుంది. జీపీయూ వెర్షన్‌కు వాళ్ల సైటులో ఇచ్చిన కమాండే వాడాలి. నా సలహా అడిగితే డబ్ల్యూఎస్‌ఎల్ నేర్చుకోమనే చెబుతాను. మీరు చేరబోయే కంపెనీలో సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి, ఇప్పుడు పడే కష్టం అక్కడ పనికొస్తుంది.

అసలు ఏ ప్రాజెక్టుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నది ముందే ఆలోచిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. కొల్లేరు లంక గ్రామాల నుంచి, చేపల చెరువులున్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుందని, అప్పుడే ఏరేటర్లు తిప్పాలని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ పడిపోవడాన్ని ముందే అంచనా వేసే ప్రాజెక్టు చేయాలంటే డీప్ లెర్నింగ్ అక్కర్లేదు. పాండాస్, స్కికిట్ లెర్న్ చాలు, పాత ల్యాప్‌టాప్‌లోనూ నిమిషాల్లో ఎక్కుతాయి. పిప్‌లో ‘ఎస్‌కేలెర్న్’ అని కొట్టకుండా పూర్తి పేరు కొట్టాలి, అంతే. కొల్లేరు ఒడ్డునున్న ఆటపాకలో గూడబాతులను ఫొటోల్లో లెక్కపెట్టే ప్రాజెక్టు అయితే పైటార్చ్, యోలో కావాలి. అప్పుడు కూడా చిన్న మోడల్‌తో సీపీయూ మీదే మొదలుపెట్టొచ్చు. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు. దాని పక్షుల మీద, దాని నీటి మీద ఇక్కడి పిల్లలే పనిచేస్తే, హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు కన్నా వంద రెట్లు విలువ. వైవాలో ఏ ప్రశ్న అడిగినా మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది.

డేటా ఖర్చు కూడా చిన్న విషయం కాదు. జీపీయూ పైటార్చ్ ఒక్కటే రెండు జీబీలు దాటుతుంది, హాట్‌స్పాట్ మీద మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. క్లాసులో ఒకరు ‘పిప్ డౌన్‌లోడ్’తో అన్ని వీల్ ఫైళ్లూ ఒక ఫోల్డర్‌లోకి దించి, పెన్‌డ్రైవ్‌లో పంచితే, మిగతావాళ్లు నెట్ లేకుండానే ఆ ఫోల్డర్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అందరూ ఒకే రకం విండోస్, ఒకే పైథాన్ వెర్షన్ వాడాలన్నదే షరతు. ఈ పని మీరు పూనుకుని చేయండి. పెద్ద కంపెనీల్లో బయటి నెట్ లేని సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్ ఎక్కించేది ఈ పద్ధతిలోనే.

ఇక ఉద్యోగాల సంగతి. ఎంఎల్‌ఆప్స్, డెవ్‌ఆప్స్, ప్రొడక్ట్ సపోర్ట్, ఇంప్లిమెంటేషన్ ఇంజనీర్ లాంటి ఉద్యోగాల్లో రోజువారీ పని ఇదే: ఒకచోట నడిచిన సాఫ్ట్‌వేర్ ఇంకోచోట ఎందుకు నడవట్లేదో కనిపెట్టడం. మోడల్ తయారుచేసే ఉద్యోగాలకు ఐఐటీలు, నిట్‌లు, పీహెచ్‌డీల నుంచి పోటీ ఎక్కువ. ఈ వైపు తలుపు కాస్త వెడల్పుగా తెరిచి ఉంటుంది. గూడెంలో 2015లో మొదలైన నిట్‌లో వాడే పైటార్చ్, కైకలూరు డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఎక్కే పైటార్చ్ ఒక్కటే, రెండూ ఉచితమే. తేడా అంతా ఎవరు ఎంత లోతుగా తడిమి చూశారన్న దానిలోనే ఉంది.

‘మీకు ఎదురైన కష్టమైన సమస్య చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది టీమ్‌వర్క్ గురించి బట్టీ పట్టింది అప్పజెబుతారు. మీరు డీలిబ్ కథ చెప్పండి. ఏ ఎర్రర్ వచ్చింది, ముందు ఏమనుకున్నారు, అది తప్పని ఎలా తెలిసింది, ఏం మార్చారు, ఆ తర్వాత సరైందని ఎలా రుజువు చేసుకున్నారు. ఇలా చెప్పాలంటే ఇప్పటి నుంచే రాసిపెట్టుకోవాలి. ఎర్రర్ వచ్చినప్పుడు తెరను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటు మానుకోండి. మొత్తం టెక్స్ట్ కాపీ చేసి, విండోస్ వెర్షన్, పైథాన్ వెర్షన్, మీరు కొట్టిన కమాండ్ పక్కన రాసి దాచుకోండి. సాయం అడిగినా అలా అడిగితేనే ఎవరైనా జవాబిస్తారు.

అవే నోట్స్‌తో గిట్‌హబ్‌లో మీ ప్రాజెక్టుకు రీడ్‌మీ రాయండి. ఏ వెర్షన్లు కావాలో, ఏ వరుసలో ఎక్కించాలో, విండోస్‌లో ఎక్కడ తడబడతారో అందులో ఉండాలి. రాశాక దాన్ని ఒక జూనియర్‌కు ఇచ్చి, మీరు పక్కన లేకుండా చేసుకోమనండి. ఆ అబ్బాయో అమ్మాయో ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇంకో వాక్యం చేర్చండి. మీకు ఫోన్ చేయకుండా ప్రాజెక్టు నడిచిన రోజున ఆ లింకు రెజ్యూమే మొదటి పేజీలో పెట్టండి, ‘టెన్సర్‌ఫ్లో తెలుసు’ అన్న లైను తీసేసి.