సంఘం అడుగుపెట్టని ఇల్లు



చిన్న క్రైస్తవ సంఘం అనే మాట మన విచారణలలో కొత్తది కాదు. పది, పదిహేను ఇళ్ళవారు వారానికొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కూడుకుంటారు. జపమాల చెప్పుకుంటారు. సువిశేషం చదువుతారు. రెండు పాటలు పాడి, చాయ్ తాగి, ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోతారు. ఇది మంచిదే. అయితే ఇంతమాత్రాన అది క్రైస్తవ సంఘం అవుతుందా? కూడుకోవడం వేరు, సంఘంగా బ్రతకడం వేరు. ఈ వారం పాఠంలో ఈ తేడాను ధ్యానిద్దాం.

తొలి సంఘం ఇళ్ళలో పెరిగింది

తొలి క్రైస్తవులకు గుడులు లేవు. వారు ఇళ్ళలోనే రొట్టెను విరిచారు. అపోస్తలుల బోధను వినడం, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన అనే నాలుగింటిని అపోస్తలుల కార్యముల గ్రంథం 2వ అధ్యాయం మన ముందుంచుతుంది. రోమీయులకు వ్రాసిన లేఖ 16వ అధ్యాయంలో ప్రిస్కా, అక్విలా దంపతుల ఇంట కూడుకునే సంఘానికి పునీత పౌలుగారు శుభములు పంపారు. ఆ దంపతులు గుడారాలు కుట్టుకొని బ్రతికే కష్టజీవులు.

అలాగని తొలి సంఘంలో తప్పులు లేవని అనుకోరాదు. అదే గ్రంథం 6వ అధ్యాయం చూడండి. అనుదిన పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతున్నదని సణుగుడు బయలుదేరింది. అపోస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అనగా, ఎవరు నొచ్చుకున్నారో వారి వైపు వారికే బాధ్యతను అప్పగించినట్లు కనిపిస్తుంది.

కొరింతు సంఘంలో ఇంకొక సమస్య వచ్చింది. ప్రభు భోజనానికి కూడినప్పుడు కొందరు ముందే తిని, తాగి మత్తులయ్యేవారు. లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. పేదలను సిగ్గుపరచడం దేవుని సంఘాన్ని తృణీకరించడమేనని పౌలుగారు మొదటి లేఖ 11వ అధ్యాయంలో గట్టిగా మందలించారు. చివరకు ఆయన చెప్పిన మందు చాలా చిన్నది: ఒకరి కొరకు ఒకరు వేచి ఉండండి అని. ఈ మాటను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

శ్రీసభ ఏమి కోరుతున్నది?

రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాత లాటిన్ అమెరికాలోను, 1970లలో తూర్పు ఆఫ్రికాలోను ఈ చిన్న సంఘాలు బలపడ్డాయి. 1975లో పునీత ఆరవ పౌలు పోపుగారు సువార్తా ప్రకటన గూర్చి వ్రాసిన లేఖ 58వ పేరాలో వీటిని మెచ్చుకుంటూనే కొన్ని హెచ్చరికలు చేశారు. సంఘం దేవుని వాక్కుతో పోషింపబడాలి. స్థానిక శ్రీసభను విడిచిపోరాదు. తామే నిజమైన సభ అని గర్వించరాదు. రాజకీయాల వలలో పడరాదు. 1990లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ‘రెదెంప్తోరిస్ మిస్సియో’ లేఖ 51వ పేరాలో ఈ సంఘాలను శ్రీసభ జీవశక్తికి గుర్తుగా చూపించారు. అదే సంవత్సరం ఇండోనేషియాలోని బాండుంగ్ పట్టణంలో సమావేశమైన ఆసియా పీఠాధిపతులు, ఆసియాలోని శ్రీసభ అనేక సమాజాల కూడికగా, అందరూ పాలుపంచుకునే సభగా ఉండాలని తీర్మానించారు. 2021 నుండి 2024 వరకు జరిగిన సినడు కూడా కలిసి నడవడం, ఒకరి మాట ఒకరు వినడం గురించే మాట్లాడింది.

ఏడు మెట్లు – మనం దాటవేసే మెట్టు

దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ రూపొందించిన ‘ఏడు మెట్ల సువిశేష పంచుకోలు’ విధానం ఆసియాలోనూ చాలాచోట్ల వాడుకలోకి వచ్చింది. అది ఇలా సాగుతుంది:

1. ప్రభువును మన మధ్యకు ఆహ్వానించడం.
2. వాక్యాన్ని చదవడం.
3. మనసుకు తగిలిన మాటలను ఏరుకొని, పైకి మెల్లగా పలకడం.
4. మౌనంగా ఉండి ప్రభువు చెప్పేది వినడం.
5. ఆ మాట నా హృదయాన్ని ఎలా తాకిందో పంచుకోవడం. ఇది ప్రసంగం కాదు, వాదనా కాదు.
6. ప్రభువు మన నుండి కోరే పని ఏమిటో కలిసి ఆలోచించడం. ఎవరు, ఏమి, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకోవడం.
7. సొంత మాటలతో ప్రార్థించడం.

మన సంఘాలలో ఐదవ మెట్టు నుండి నేరుగా ఏడవ మెట్టుకు దూకే అలవాటు ఉన్నది. ఆరవ మెట్టు వద్ద పొరుగువారి పేరు చెప్పాలి, చేతిలోని పని వదిలి లేవాలి, జేబులో చేయి పెట్టాలి. అందుకే అది కష్టం. కాని ఆ మెట్టు లేకపోతే సంఘం ప్రార్థన కూటంగానే మిగిలిపోతుంది.

మన వీధిలో ఒక సంఘం

బాన్సువాడ పరిసరాలలోని ఒక సంఘాన్ని ఊహించుకుందాం. మంజీరపై 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ కాలువ నీటితో పండే వరి పొలాలు, ఇంటింటా బీడీల చాటలు, గల్ఫ్ దేశాలకు పోయిన మగవారు. ఇది మనకు తెలిసిన బ్రతుకే. ఈ సంఘంలో పన్నెండు ఇళ్ళు ఉన్నాయనుకుందాం. సంవత్సరం చివర పెద్ద లెక్క చూసుకుంటే, కూటాలన్నీ తొమ్మిది ఇళ్ళలోనే జరిగాయి. మూడు ఇళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు. ఆ ఇళ్ళకు రావద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరూ వెళ్ళనూ లేదు.

మొదటి ఇల్లు బీడీలు చుట్టే తల్లిది. ఆమెకు వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. లెక్క పూర్తి కానిదే చాట పక్కన పెట్టలేదు. సంఘం ఆరు గంటలకు మొదలవుతుంది, ఆమె ఏడు గంటలకు వస్తుంది. అప్పటికి పాట అయిపోయి చాయ్ గ్లాసులు కడుగుతుంటారు. నాలుగుసార్లు అట్లా జరిగాక ఆమె రావడం మానేసింది.

రెండవ ఇల్లు దుబాయి పోయినవాని ఇల్లు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరలేదు, ఇంటికి డబ్బు రావడం ఆగింది. “ఏం వదినా, కనపడతలేవు?” అని ఎవరైనా అడిగితే, “పనుల ఒత్తిడి” అని నవ్వి ఊరుకుంటుంది. నిజం ఏమిటంటే, సంఘం తన ఇంటికి వస్తే పదిహేను మందికి చాయ్, బిస్కెట్లు పెట్టే శక్తి ఆమెకు లేదు. మిగిలిన ఇళ్ళలో ఒకరిని చూసి ఒకరు మిర్చి బజ్జీల దాకా పోయారు!

మూడవ ఇంటి సంగతి చెప్పడానికే నోరు రాదు. ఆ ఇల్లు వేరే వాడలో ఉన్నది. ఆ ఇంట నీళ్ళు తాగడానికి కొందరి మనసు ఒప్పుకోదు. గుడిలో ఒకే పాత్ర నుండి దివ్యసత్ప్రసాదం స్వీకరించే నోరు, ఆ ఇంటి చెంబు దగ్గర ఎందుకు మూసుకుపోతున్నది? ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతపై ఒక విధాన పత్రాన్నే వెలువరించవలసి వచ్చింది. కులవివక్ష శ్రీసభలో కూడా ఉన్నదని ఒప్పుకోకుండా దాన్ని మాన్పలేము.

సంఘం బలం ఎంతమంది వచ్చారనే లెక్కలో తెలియదు. ఏ ఇంటికి వెళ్ళలేదనే లెక్కలో తెలుస్తుంది.

ఆచరణలో ఏమి చేయవచ్చు?

మొదటిది, వరుస పద్ధతి. ఇళ్ళన్నిటి జాబితా వ్రాసి, ఏ ఇంటినీ దాటవేయకుండా వరుసగా కూడాలి. జాగ చాలకపోతే వాకిట్లో చాప వేసుకుంటే సరిపోతుంది. అయితే ఎవరినీ బలవంతపెట్టరాదు. “మా ఇంట్ల వద్దక్కా” అన్నవారి వద్దకు మరునాడు ఒకరిద్దరు వెళ్ళి, మెల్లగా కారణం తెలుసుకోవాలి.

రెండవది, మంచినీళ్ళు మాత్రమే. కలిగినవారైనా, లేనివారైనా సంఘానికి పెట్టేది నీళ్ళే అని అందరూ కలిసి తీర్మానించుకోవాలి. ఈ చిన్న నియమం ఎన్నో తలుపులు తెరుస్తుంది. ఆ నీళ్ళను అందరూ తాగాలి. మూడవ ఇంట్లో ఆ గ్లాసు ఎత్తడమే ఆ రోజు మన విశ్వాస ప్రకటన.

మూడవది, వేచి ఉండడం. నాట్ల కాలంలో, కోతల కాలంలో, బీడీల పని ఉన్న ఇళ్ళలో ఏ వేళ వీలవుతుందో వారినే అడిగి సమయం పెట్టుకోవాలి. కొరింతువారికి పౌలుగారు చెప్పిన మందు మనకూ పనిచేస్తుంది.

నాలుగవది, గుట్టు. కూటంలో ఒకరు కన్నీటితో చెప్పిన మాట మరునాడు బోరింగు దగ్గర వినిపించరాదు. ఒక్కసారి నమ్మకం పోతే ఇక అందరూ పైపై మాటలే పంచుకుంటారు.

ఐదవది, గొడవ వస్తే మత్తయి సువిశేషం 18వ అధ్యాయం దారి చూపుతుంది. ముందు ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకోవాలి. ఆ తరువాతనే సంఘానికి చెప్పాలి. మనం దీన్ని తలక్రిందులు చేసి, ముందు ఊరంతటికీ చెప్పి, చివరకు ఆ మనిషితో మాట్లాడడం కూడా మానేస్తాము.

ఆరవది, నాయకత్వం ఒక్క ఇంటి సొత్తు కారాదు. అపోస్తలులు చేసినట్లు, వెనుక కూర్చున్నవారికి కూడా బాధ్యత ఇవ్వాలి. చదువురాని తల్లి వాక్యం చదవలేకపోవచ్చు. కాని ఏ ఇంట జ్వరం ఉన్నదో, ఏ ఇంట పొయ్యి వెలగలేదో ఆమెకే ముందు తెలుస్తుంది. ఆరవ మెట్టును నడిపించడానికి ఆమెకంటే తగినవారు ఎవరు?

ప్రియులారా, ఈ కూటాలు ఆదివారపు దివ్యబలిపూజకు బదులు కావు. బలిపీఠం వద్ద స్వీకరించిన ప్రభువును వీధిలోకి మోసుకువెళ్ళే దారులు అవి. విచారణ గురువులు ప్రతి ఇంటికీ ప్రతివారం రాలేరు. పక్కింటి క్రైస్తవుడు రాగలడు. ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు జనం సణిగారు. అయినా ఆయన వెళ్ళాడు. ఆ ఇంటికి రక్షణ ఆ రోజే వచ్చింది.

కుటుంబంలో ఆలోచించుకుందాం

1. మన సంఘం ఈ సంవత్సరం అడుగుపెట్టని ఇల్లు ఏది? ఎందువలన?
2. ఇటీవల రావడం మానేసిన వారిని మనలో ఎవరు పలకరించారు?
3. గత కూటంలో ఆరవ మెట్టు వద్ద ఏమి నిర్ణయించాము? అది జరిగిందా?

ఈ వారం పని: ఆ ఇళ్ళలో ఒకదానికి కుటుంబమంతా కలిసి వెళ్ళండి. బోధించవద్దు. కూర్చోండి, వారు చెప్పేది వినండి, మంచినీళ్ళు అడిగి తాగండి.