చదువు రాని వారికి వోటు ఎట్లా వచ్చింది?

ఎన్నికల రోజు మనం బూతుకు పోతాం. వేలికి సిరా గుర్తు పెడతారు. మిషను మీద మీట నొక్కి వస్తాం. ఇది మనకు మామూలు పని అయిపోయింది. కాని మన ముత్తాతలకు ఈ పని తెలియదు. వారికి వోటు లేదు. దొర ముందు నోరు విప్పే హక్కు కూడా లేదు.

ఈ హక్కు ఎట్లా వచ్చింది? చదువు రాని వారికి కూడా ఎందుకు ఇచ్చారు? అమెరికా అంత పెద్ద దేశంలో చదువు పేరు చెప్పి వోటు ఎందుకు ఆపారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

గడి ముందు చేతులు కట్టుకున్న రోజులు

1948 దాకా హుజూర్‌నగర్ నిజాం రాజ్యంలో ఉండేది. చాలా ఊళ్ళలో దొర మాటే చట్టం. దొర ఉండే పెద్ద ఇంటిని గడి అనేవారు. ఊరి లెక్కలు, కాగితాలు పటేలు, పట్వారీల చేతిలో ఉండేవి.

జనం దొరకు వెట్టి చేయాలి. వెట్టి అంటే కూలి లేని పని. ఒకరు చెప్పులు కుట్టి ఇవ్వాలి. ఒకరు బట్టలు ఉతకాలి. ఒకరు కుండలు చేసి ఇవ్వాలి. తమ పొలం ఎండిపోతున్నా ముందు దొర పొలం దున్నాలి. "నీ కాల్మొక్త బాంచెను దొరా" అని వంగి మాట్లాడాలి.

సర్కారు కాగితాలు ఉర్దూలో ఉండేవి. అందులో ఏం రాశారో రైతుకు తెలియదు. వేలిముద్ర వేయమంటే వేసేవాడు. అట్లా వేసిన ముద్రతోనే ఎందరి భూములో పోయినయి.

సంగం వచ్చింది

1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదలైంది. మొదట తెలుగు భాష కోసం, బడుల కోసం, గ్రంథాలయాల కోసం పని చేసింది. 1941లో ఈ సభ మన పక్కనున్న చిలుకూరులోనే జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. మెల్లగా ఈ సభ పల్లెజనం సభ అయింది. జనం దాన్ని 'సంగం' అని పిలుచుకున్నారు. వెట్టి చేయవద్దు, అక్రమంగా పన్నులు కట్టవద్దు అని సంగం చెప్పింది.

దొరలకు ఇది గిట్టలేదు. 1946 జులై 4న కడివెండిలో దొర మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పుడు కడివెండి నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ రోజు నుండి పోరాటం ఊరూరికీ పాకింది. ఆడవాళ్ళు కారం పొడి, రోకలిబండలు పట్టుకున్నారు. మగవాళ్ళు గుత్పలు, ఒడిసెలలు పట్టుకున్నారు.

1947లో భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మాత్రం కలవనన్నాడు. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. నాలుగైదు రోజులలోనే నిజాం లొంగిపోయాడు. అయినా పల్లెలలో శాంతి రాలేదు. కమ్యూనిస్టు దళాలకూ సైన్యానికీ మధ్య మరో మూడేళ్ళు పోరు సాగింది. ఎందరో చనిపోయారు. ఎందరో జైళ్ళ పాలయ్యారు. 1951 అక్టోబరులో పోరాటం ఆపారు.

తుపాకి పోయింది, వోటు వచ్చింది

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 21 ఏండ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వోటు ఇచ్చింది. ఆడ, మగ తేడా లేదు. కులం తేడా లేదు. భూమి ఉన్నదా లేదా అని అడగలేదు. చదువు వచ్చునా రాదా అనీ అడగలేదు.

అప్పుడు దేశంలో నూటికి 18 మందికే చదువు వచ్చు. చదువు రాని వారు వోటు ఎట్లా వేస్తారని చాలామంది నవ్వారు. అధికారులు ఒక ఉపాయం చేశారు. ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు బొమ్మ అంటించారు. వోటరు తనకు ఇచ్చిన కాగితాన్ని నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే చాలు. ఏమీ రాయనక్కరలేదు.

హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండేది. అందుకని వారు పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు గెలిచారు. ఆయనకు 3 లక్షల 9 వేల పైన వోట్లు వచ్చాయి. ప్రధానమంత్రి నెహ్రూకు తన నియోజకవర్గంలో వచ్చిన వోట్ల కన్నా ఇవి ఎక్కువ. ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు గెలిచారు. అదే 1952లో హుజూర్‌నగర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. ఉర్దూ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడి నుండి గెలిచారు.

ఆలోచించండి. నిన్నటిదాకా గడి ముందు తల వంచిన మనిషి, ఈనాడు దొరతో సమానంగా ఒక వోటు వేశాడు. దొరదీ ఒక్క వోటే. జీతగానిదీ ఒక్క వోటే.

ఒక లోటు మాత్రం జరిగింది. ఉత్తరాది రాష్ట్రాలలో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వాని భార్యను", "ఫలానా వాని తల్లిని" అని రాయించారు. అట్లాంటి పేర్లు జాబితాలో ఉంచలేదు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు వోటు పోగొట్టుకున్నారు. సొంత పేరు చెప్పకపోతే ఎంత నష్టమో చూడండి.

అమెరికాలో చదువును కంచె చేశారు

అమెరికాలో నల్లవారు ఒకప్పుడు బానిసలు. పశువులను అమ్మినట్టు వారిని అమ్మేవారు. 1865లో బానిసత్వం పోయింది. 1870లో నల్ల మగవారికి వోటు హక్కు వచ్చింది. కాని ఆ హక్కు కాగితం మీదనే ఉండిపోయింది.

దక్షిణాది రాష్ట్రాల తెల్లదొరలు ఒక ఎత్తు వేశారు. వోటరుగా పేరు రాయించుకోవాలంటే చదువు పరీక్ష పెట్టారు. చట్టంలోని కష్టమైన భాగం ఇచ్చి, చదివి అర్థం చెప్పమనేవారు. పరీక్ష పెట్టేది తెల్లవాడు. పాసు చేసేదీ తెల్లవాడే. బాగా చదువుకున్న నల్లవారిని కూడా తప్పించేవాడు. దీనికి తోడు వోటు పన్ను ఉండేది. నల్లపిల్లలకు మంచి బడులు ఉండేవి కావు. ముందు చదువు లేకుండా చేశారు. తరువాత చదువు లేదని వోటు లేకుండా చేశారు.

ఫానీ లూ హేమర్ అనే ఆమె మిసిసిపి రాష్ట్రంలో పత్తి చేలలో పని చేసేది. 20 మంది పిల్లలలో ఆఖరి బిడ్డ. 1962 ఆగస్టు 31న ఆమె వోటరుగా చేరడానికి పోయింది. పరీక్షలో తప్పించారు. అదే రోజు ఆసామి ఆమెను పనిలో నుండి, ఇంట్లో నుండి వెళ్ళగొట్టాడు. ఆమె భయపడలేదు. మళ్ళీ మళ్ళీ పోయి 1963లో పాసయింది. ఊరూరూ తిరిగి ఇతరులను కదిలించింది.

ఈ కంచెను దాటడానికి నల్లవారు రాత్రిబడులు పెట్టుకున్నారు. మొదటి బడి 1957లో జాన్స్ ద్వీపంలో ఒక దుకాణం వెనుక గదిలో మొదలైంది. చదువు చెప్పింది బెర్నీస్ రాబిన్‌సన్. ఆమె జుట్టు అలంకరించే పని చేసేది. సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ ఈ బడులను ఊరూరికీ తీసుకుపోయింది. పెద్దలు పగలంతా పని చేసి, రాత్రి పలక పట్టారు. మన వయోజన విద్యా కేంద్రం లాంటివే అవి.

1965 మార్చి 7న సెల్మా పట్నంలో వోటు కోసం నల్లవారు ఊరేగింపు తీశారు. పోలీసులు వంతెన దగ్గర లాఠీలతో చితకబాదారు. దేశమంతా టీవీలలో చూసింది. ఆగస్టు 6న కొత్త చట్టం వచ్చింది. దక్షిణాదిలో చదువు పరీక్ష ఆగిపోయింది. మిసిసిపిలో అంతకు ముందు వోటరుగా చేరిన నల్లవారు నూటికి ఏడుగురు కూడా లేరు. రెండేళ్ళలో నూటికి దాదాపు 60 మంది చేరారు.

యుద్ధానికి పనికివచ్చిన వాడు వోటుకు పనికిరాడా?

సెల్మాలో లాఠీలు ఆడిన మరునాడే, 1965 మార్చి 8న, అమెరికా సైనికులు వియత్నాంలో దిగారు. 18 ఏండ్ల పిల్లలను కూడా యుద్ధానికి పంపారు. కాని వోటుకు మాత్రం 21 ఏండ్లు నిండాలి. నల్లవారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1967లో ఈ యుద్ధం తప్పని చెప్పారు. పేదలకు పెట్టవలసిన సొమ్ము యుద్ధంలో తగలబడుతున్నదన్నారు. 1968లో ఆయనను కాల్చి చంపారు. 1971లో అక్కడ 18 ఏండ్లకే వోటు వచ్చింది. మన దేశంలో 1989 నుండి 18 ఏండ్లకు వోటు ఉంది.

అయితే మనకు చదువు ఎందుకు?

వోటుకు చదువు అవసరం లేదు. కాని వోటును కాపాడుకోవడానికి చదువు కావాలి. జాబితాలో పేరు ఉన్నదో లేదో చూడాలంటే చదువు రావాలి. ఎన్నికలప్పుడు చెప్పిన మాట తరువాత నిలబెట్టుకున్నారా అని పేపరు చూడాలంటే చదువు రావాలి. కాగితం చదవకుండా నిశాని వేసిన రోజులు మనకు తెలుసు. అవి మళ్ళీ రాకూడదు. నోటు తీసుకుని వోటు వేస్తే కూడా పాత వెట్టే కొత్త పేరుతో వస్తుంది.

కొత్త మాటలు

గడి, నియోజకవర్గం, ఉప ఎన్నిక, రాజ్యాంగం, నిషేధం, జాబితా

చెప్పండి

1. వెట్టి అంటే ఏమిటి?
2. 1952లో చదువు రాని వారు వోటు ఎట్లా వేశారు?
3. హేమరమ్మను ఇంట్లో నుండి ఎందుకు వెళ్ళగొట్టారు?
4. నల్లవారి రాత్రిబడికీ, మన కేంద్రానికీ పోలిక ఏమిటి?

చేయండి

మీ ఊరి వోటర్ల జాబితా తెప్పించండి. మీ పేరు మీరే వెతికి చదవండి. పేరు లేకపోతే 6వ నంబరు ఫారం నింపండి. తప్పు ఉంటే 8వ నంబరు ఫారం నింపండి. కింద వేలిముద్ర వద్దు. మీ చేతితో మీ పేరు రాయండి.