కాటన్ దొర తోటలో గోధుమ

మన నస్పూరు పక్కగా పారే గోదావరికి చాలా దిగువన, ధవళేశ్వరం వద్ద 1847-1852 మధ్య ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గురించి మీరు చదివే ఉంటారు. ఆయన 1821లో మద్రాసు సైన్యపు ఇంజనీరుగా వచ్చి, మొదటి బర్మా యుద్ధంలో కూడా పాల్గొన్నాడు. ఇది అందరికీ తెలిసిన కథే. ముసలితనంలో ఆయన చేసిన పని మాత్రం ఎవరూ అంతగా చెప్పరు.

ఇంగ్లండులోని డోర్కింగులో స్థిరపడ్డాక ఆయన దృష్టి నేల మీదికి మళ్లింది. తోటలో నేలను లోతుగా తవ్వించి గోధుమ పండించి చూశాడు. 1899లో ఆయన చనిపోయాక, కుమార్తె లేడీ హోప్ తండ్రి ఉత్తరాలు, రాతలు కూర్చి 1900లో జీవితచరిత్ర ప్రచురించింది.

ఇంతకూ లోతుగా తవ్వితే ఏమవుతుంది? ఒక చిన్న లెక్క చేద్దాం. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి 25 మిల్లీమీటర్ల వానకు ఎకరంలో లక్ష లీటర్లకు పైగా నీరు పడుతుంది! నేల గుల్లగా ఉంటే అందులో చాలా భాగం లోపలికి ఇంకుతుంది, వేళ్లూ లోతుకు దిగుతాయి. గట్టి పొర అడ్డుపడితే నీరు పైనే పారి, సారమున్న పైమట్టిని వాగులోకి ఈడ్చుకుపోతుంది.

అయితే తవ్వడం ఒక్కటే చాలదు. కప్పు లేని నేలపై వాన చినుకులు బలంగా పడితే మట్టి రేణువులు చెదిరి, రంధ్రాలు మళ్లీ పూడుకుపోతాయి. సారంలేని అడుగుమట్టిని పైకి తిరగేస్తే నష్టమే. అందుకే అడుగు పొరను వదులు చేయాలి గాని పైకి తేకూడదు.

మన ఓపెన్ కాస్ట్ గనుల వద్ద జరిగే తిరగేత ఇంకా పెద్దది. బొగ్గు మీది మట్టిని, రాతిని తీసి గుట్టలు పోస్తారు. మనవాళ్లు ఓబీ గుట్టలంటారే, అవే. పైమట్టిని ముందే వేరుగా తీసి దాచి, చివర గుట్టపై పరిస్తేనే మొక్కలు బాగా నాటుకుంటాయి. దాచిన కుప్ప మరీ ఎత్తుగా ఉన్నా, ఏళ్ల తరబడి ఉన్నా, లోపల గాలి అందక మట్టిలోని సూక్ష్మజీవులు చాలా వరకు చనిపోతాయి.

ఈసారి వాన వెలిసిన మరునాడు ఒక సన్నని ఇనుప చువ్వను చేలోనూ, కాలిబాటలోనూ ఒకే బలంతో గుచ్చండి. ఎక్కడ ఎన్ని సెంటీమీటర్లు దిగిందో నోటుబుక్కులో రాసుకోండి.