గోతిలో దాగిన నిప్పురవ్వ

కొత్తపట్నం సముద్రపు ఒడ్డు నుంచి ఒంగోలు వెళ్లే పెద్ద కారు ఒకటి ఉన్నట్టుండి కుదుపులతో నడవసాగిందనుకోండి. ఆక్సిలరేటరు ఎంత తొక్కినా ఊపందుకోదు. పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఇలాంటప్పుడు మెకానిక్కు మొదట అనుమానించే వాటిలో స్పార్కు ప్లగ్గు ఒకటి. దీన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. కాని లోపలి సంగతి తెలియకుండా చెయ్యి పెడితే, చిన్న ప్లగ్గు కోసం ఇంజను తలనే పాడుచేసుకుంటాం.

ముందుగా ఒక మాట. డీజిలు బండిలో స్పార్కు ప్లగ్గే ఉండదు. అందులో గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే డీజిలు అంటుకుంటుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు వేడెక్కడం మీరెరిగిందే కదా! పెట్రోలు ఇంజనుకు మాత్రం రవ్వ కావాలి. 1860లో పారిస్‌లో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్ రవ్వను వాడాడు. 1902లో జర్మనీలో, రాబర్ట్ బాష్ సంస్థలో పనిచేసే హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును తయారుచేశాడు.

ప్లగ్గు కొనలో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఇంచుమించు ఒక మిల్లీమీటరు సందు ఉంటాయి. మామూలు గాలిలో ఆ సందును రవ్వ దాటడానికి దాదాపు 3,000 వోల్టులు కావాలి. సిలిండరులో గాలి నొక్కుకుపోయి ఉంటుంది కనుక ఇంకా ఎన్నో రెట్లు కావాలి. రవ్వ దూకినప్పుడల్లా లోహం కంటికి కనబడనంత అరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఇంజను నిమిషానికి 2,000 సార్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు ఘాతాల ఇంజనులో రెండు చుట్లకు ఒక రవ్వ. అంటే కిలోమీటరుకు 1,000 రవ్వలు. 40,000 కిలోమీటర్లకు ఎన్నో మీరే లెక్కవేయండి. నాలుగు కోట్లు! సందు పెరిగిన కొద్దీ రవ్వ దాటలేక తప్పిపోతుంది. కుదుపు అదే. 2,446 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గాని కరగని ఇరీడియంతో కొన చేసిన ప్లగ్గులు ఎక్కువ కాలం మన్నడానికి కారణం కూడా ఇదే.

పాత అంబాసిడరు కారులో బానెటు ఎత్తితే ప్లగ్గులు ఇంజను పక్కనే కనబడేవి. ఇప్పటి బండ్లలో అవి కాయిలు కింద, చెయ్యి పట్టని సన్నని గోతిలో అడుగున ఉంటాయి. ఇది తయారీదారుల పిసినారితనం కాదు. సిలిండరు నడినెత్తిన రవ్వ పుడితే మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. అందుకే చుట్టూ నాలుగు వాల్వులు, నడుమ ప్లగ్గు. అమెరికాలో మనవాళ్లు నడిపే ఆరు సిలిండర్ల బండ్లు కొన్నింటిలో వెనక వరుస ప్లగ్గులు మూడూ గాలి పంపే మానిఫోల్డు కింద ఉంటాయి. దాన్ని విప్పితే గాని అందవు. అది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం.

నాలుగు సిలిండర్ల బండి అయితే పెద్దవాళ్లు చేస్తుంటే మీరు పక్కనుండి సాయపడవచ్చు. తాళంచెవి తీసేయాలి. కాయిలు ఊడదీశాక, ప్లగ్గును కదిలించకముందే, సైకిలు పంపుకు సన్నని గొట్టం తగిలించి గోతిలోని దుమ్మును ఊదేయాలి. కళ్లకు అద్దాలు మరవకండి. సముద్రపు గాలికి ఎగిరొచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ పోత ఇనుము కంటే గట్టిది. నాలుగు రేణువులు సిలిండరులో పడినా గోడలను గీసేస్తాయి.

ఇంజను పూర్తిగా చల్లారాలి. ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఎడ్లబండి చక్రానికి పట్టా వేసేటప్పుడు కాల్చితే పట్టా పెద్దదవుతుంది. అలాగే అల్యూమినియం తలలోని రంధ్రం వేడికి పెద్దదై, ఉక్కు ప్లగ్గు సులువుగా రావాలి కదా? లెక్క చూద్దాం. ప్లగ్గు వ్యాసం 14 మిల్లీమీటర్లు, ఉష్ణోగ్రతల తేడా 60 డిగ్రీలు అయితే అదనంగా దొరికే సందు మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ. ఆ కాస్త లాభానికి నష్టం పెద్దది. వేడి అల్యూమినియం మెత్తన. ఏళ్ల తరబడి పట్టుకుపోయిన ప్లగ్గును తిప్పితే మరలు చీరుకుపోయి దానితో పాటే ఊడి వస్తాయి. చేతులు కాలడం సరేసరి.

కొత్త ప్లగ్గు నెత్తికి ఒక రబ్బరు గొట్టం తొడిగి, గోతిలోకి దించి, వేళ్లతోనే తిప్పాలి. మర వంకరగా పడితే గొట్టం జారిపోతుంది. పానా అయితే జారదు, మరను కోసేస్తుంది. చివరి బిగింపు ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. 20 న్యూటన్ మీటర్లు అని ఉంటే, 25 సెంటీమీటర్ల పానా కొసన 80 న్యూటన్ల బలం చాలు. అంటే ఎనిమిది లీటర్ల నీళ్లను ఎత్తడానికి కావలసినంతే. ఊరికే కండబలం చూపకూడదు.

తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే కాగితం మీద పేర్చి చూడండి. లేత గోధుమరంగు కొన ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదన్నమాట. నాలుగింటిలో ఒక్కటే నూనెతో తడిసి ఉంటే ఆ సిలిండరులోకి ఇంజను ఆయిలు దిగుతోంది. కొత్త ప్లగ్గు వేసినా కొద్దిరోజులకు అదీ తడుస్తుంది. ఆ బండిని మెకానిక్కుకు చూపించవలసిందే.