తెలుగు గళ్ళనుడికట్టును పూరించుట

ఆంగ్ల దినపత్రికలోని గళ్ళను పెద్దలు పూరించుచుండగా మన పిల్లలు చూచియే యుందురు. 1913 డిసెంబరు 21న 'న్యూయార్కు వరల్డు' పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన ఈ వినోదమును తెలుగున శ్రీశ్రీ, ఆరుద్రల వంటి కవులును కూర్చిరి.

మన గడి పద్ధతి వేఱు. ఆంగ్లమున 'కృష్ణగిరి' అని వ్రాయుటకు 11 గళ్ళు కావలెను. మనకు కృ, ష్ణ, గి, రి అను నాలుగు చాలును. గుణింతము, ఒత్తు, సున్న అన్నియు అక్షరముతో కూడ ఒకే గడిలో ఇముడును. కనుక రెండవ గడిగుండ నిలువుగా పోవు మాటలోను 'ష్ణ'యే యుండవలెను. ఉష్ణము, తృష్ణ... అట్టి మాటలు కొద్దియే. కూర్చువారికి ఇది చిక్కే కాని, పూరించు మనకు మేలు.

ఆధారమును రెండుమారులు చదువవలెను. 'తల తిరిగిన తీగ (2)' అన్నచో వైద్యుని తలపవలదు. 'తల' అను మాటను త్రిప్పినచో 'లత' వచ్చును. లత యనగా తీగయే.

తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. దానినికూడ నేర్చు మన పిల్లలు 'మేఘము'ను 'మేగము' అని వ్రాయుట కలదు. మనము దిద్దినచో చిన్నబుచ్చుకొందురు. అదే నడిమి గడిలో నిలువుగా 'నలుగురు చేరినది (3)' అని యున్నదనుకొందము. 'సంఘము' బల్లమీద నిత్యము చూచినదే! గ నుంచవలెనా, ఘ నుంచవలెనా? ఇక బాలుడు తానే నిఘంటువు తెరచును.

ఈ రాత్రి ఇంట అందఱును కలిసి దీనిని యత్నింపుడు: 'ఎటు చదివినను మారని తెనాలివాడు (5)'.