జంటగానే పంపించవే చెల్లాయ్!

ఏంటే చెల్లాయ్, ఎవరో ఊరు మారుతూ వదిలేసిన రెండు గినీ పందుల్ని తెచ్చి, దత్తతకి మంచి ఇల్లు దొరికేదాకా నీ దగ్గరే ఉంచుకున్నావట! మీ అత్తగారు "కోడలు ఇంట్లో ఎలకల్ని మేపుతోంది" అంటున్నారని కూడా నా చెవిన పడిందిలే. పోనిద్దూ, నాలుగు రోజులు పోతే కొత్తిమీర కాడలు పట్టుకుని ఆవిడే పంజరం దగ్గర చేరతారు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, "వీక్, వీక్" మని అవి పెట్టే గోలకి ఎవరైనా లొంగాల్సిందే.

ముందు పశువుల డాక్టరుగారికి చూపించి, ఆడవో మగవో తేల్చుకో. పెంపుడు జంతువులమ్మే కొట్టువాళ్ళ మాట నమ్మకు. మగపిల్ల మూడు వారాలకే తండ్రి కాగలదు. ఆడదాని చూలు సుమారు రెండు నెలలు. ఈనిన కొన్ని గంటలకే మళ్ళీ కడుపు నిలవచ్చు. ఏడెనిమిది నెలల వయసు దాటాక తొలిసూలైతే కటి ఎముకలు సాగక ప్రాణం మీదికొస్తుంది. ఆడా మగా అని తేలిందా, ఆ క్షణమే వేరు చెయ్యి.

తిండి సంగతికొస్తే, మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు వీటికి గింజధాన్యాలే పెడితే, అచ్చం ఓడ మీది నావికులకి పట్టినట్టే స్కర్వీ జబ్బు పట్టుకుంది. పెరట్లో జామచెట్టున్నదానివి, నీకేం లోటు! రోజూ చిన్న ముక్క చాలు, తీపి ఎక్కువైనా మంచిది కాదు. కాస్త క్యాప్సికం కూడా వెయ్యి. గరికంటే మహా ఇష్టం, కానీ చేలగట్ల మీద కోసింది మాత్రం తేకు, కలుపుమందు కొట్టి ఉంటారు. వరిగడ్డి కింద పరవడానికి సరే, కడుపుకి చాలదు. బతికున్నన్నాళ్ళూ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అస్తమానూ నమలడానికి ఎండుగడ్డి ఉండాలి. మందు జల్లని గరికని నీడన ఆరబెట్టుకో.

ఎండల సంగతి మరిచిపోకు. ఎక్కడో ఆండీస్ కొండల చల్లదనంలో పుట్టిన జాతి, చెమట పట్టదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె దాకా ఎందుకు, ముప్ఫై డిగ్రీలకే డీలా పడతాయి. రేకుల షెడ్డు, డాబా మీది గది వద్దే వద్దు. నడింట్లో గచ్చు మీద పెట్టి, గుడ్డ చుట్టిన ఐసు సీసా పక్కన ఉంచు.

వారానికోసారి వంటింటి కాటా మీద తూచి కాగితం మీద రాసుకో. బరువు తగ్గుతోందన్నా, ఓ పూట మేత ముట్టలేదన్నా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఇంట్లో ఉన్న అమోక్సిసిలిన్ గట్రా వేసేవు! పొట్టలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, అవీ పోతాయి.

ఇక అడిగేవాళ్ళు వస్తారు. "పాపకి పుట్టినరోజు కానుకండీ, ఒక్కటిస్తే చాలు" అంటారు. ఇవ్వకు. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకునే జాతి ఇది. స్విట్జర్లాండులో 2008 నుంచి ఒక్కదాన్నే పెంచకూడదని చట్టమే ఉంది. ఐదారేళ్ళు, ఇంకా పైనే బతుకుతాయి, అప్పటికి ఆ పాప ఇంటరు చదువుతుంటుంది, మేత ఎవరేస్తారో వాళ్ళమ్మనే అడుగు. మొహమాటపడకు. వాళ్ళు నచ్చితే రెంటితోపాటు ఆ బరువుల కాగితం, నువ్వు పెట్టే గడ్డి ఓ సంచెడు, అవి పడుకునే పాతగుడ్డ ఉతక్కుండా కలిపి ఇచ్చెయ్యి. ఎండ తగలకుండా ప్రయాణం తెల్లారకముందే పెట్టుకోమను.