గాలి చెడిన దినములలో వీడియో ఆటలతో ఇంటి వ్యాయామము

ఢిల్లీలోను, చుట్టునున్న నోయిడా, ఘాజియాబాదు, ఫరీదాబాదు, గురుగ్రాము పట్టణములలోను దీపావళి వచ్చుసరికి గాలి చెడుట ఆరంభించును. చలి ముదిరి గాలి కదలక, పొలములలో కొయ్యకాలు తగులబెట్టిన పొగయు, మోటారుబండ్ల పొగయు, దుమ్మును నేలకు దగ్గరగా నిలిచిపోవును. ప్రభుత్వము ప్రకటించు గాలి నాణ్యతా సూచిలో 50 లోపుగా నున్నది మంచి గాలి. 400 దాటినది తీవ్రముగా చెడిన గాలి. 2024 నవంబరు 18వ తేదీన ఢిల్లీలో ఈ సూచి 490 దాటినది. అట్టి దినములలో లోదీ తోటలోనో, రామకృష్ణపురము క్వార్టర్ల నడుమనున్న పార్కులోనో వేకువన నడచు అలవాటు గలవారు ఏమి చేయవలెను?

ఆ దినములలో ఆరుబయట నడక మానుటయే మంచిది. ఊరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు 6 మొదలు 8 లీటర్ల గాలి పీల్చును. వేగముగా నడచునప్పుడు ఇది కొన్ని రెట్లగును. గాలితోపాటు ధూళి కణములును అన్ని రెట్లు లోపలికి పోవును. అయితే నడక మానినవారు వ్యాయామమునే మానుట పొరపాటు. ఇట్టి దినములు చలికాలములో ఒకటి రెండు కావు. వారముల తరబడి కదలక కూర్చున్నచో మధుమేహ రోగికి రక్తములోని చక్కెర పెరుగును. వృద్ధులకు కాళ్ళ బలము తగ్గును. తగ్గిన బలమును ఆ వయస్సులో తిరిగి సంపాదించుకొనుట సులభము కాదు.

ఇంటిలో పిల్లలు ఆడుకొను వీడియో ఆటల యంత్రము ఇందుకు కొంత అక్కరకు రాగలదు. చేతిపిడిని ఊపి టెన్నిసు ఆడు ‘వీ’ అను యంత్రమును జపానుకు చెందిన నింటెండో సంస్థ 2006లో తెచ్చినది. మరుసటి సంవత్సరము పాదముల బరువును కొలుచు పలక వచ్చినది. చేతిలో ఏమియు లేకున్నను శరీరపు కదలికను గుర్తించు ‘కినెక్టు’ను 2010లో మైక్రోసాఫ్టు విడుదల చేసినది. ఈ రెండింటి తయారీయు నిలిచిపోయినది గాని కొన్ని ఇండ్లలో అవి ఇంకను పనిచేయుచున్నవి. 2019లో వచ్చిన ‘రింగ్ ఫిట్’ ఆటలో ఒక వలయమును రెండు చేతులతో నొక్కుచు, తొడకు పట్టీ కట్టుకొని, నిలిచినచోటనే పరుగెత్తవలెను.

ఈ ఆటలు నిజముగా వ్యాయామమేనా? జపాను పరిశోధకులు మూసిన గదిలో మనుష్యులచే ‘వీ’ ఆటలు 68 ఆడించి, వారికి పట్టిన ప్రాణవాయువును కొలిచి, ఫలితములను 2010లో ప్రకటించిరి. వాటిలో 46 తేలికపాటి శ్రమ. 22 మాత్రమే మధ్యరకపు శ్రమ. కఠిన శ్రమ అనదగినది ఒక్కటియు లేదు. విశ్రాంతిలో ఖర్చగు శక్తిని ఒకటిగా నెంచినచో గోల్ఫుకు రెండు, టెన్నిసుకు మూడు, బాక్సింగుకు నాలుగుకు పైగా ఖర్చగును. కాళ్ళు, తొడలు పనిచేసినప్పుడే ఊపిరి వేగము హెచ్చును. కొన్నాళ్ళు ఆడినవారికి మణికట్టు విదిలించిన చాలునని తెలిసిపోవును. సోఫాలో కూర్చుండియే గెలుతురు. యంత్రము మోసపోవును గాని గుండె మోసపోదు.

పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమయు, రెండు దినములు కండరముల బలమునకై వ్యాయామమును కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అనగా దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు. శ్రమ చాలినదో లేదో తెలిసికొనుటకు పరికరము అక్కరలేదు. ఆడుచు మాటలాడగలుగుచు, పాట పాడలేకున్నచో అది మధ్యరకపు శ్రమ. పాటయు సాగుచున్నచో ఆట మార్చవలెను.

గది విషయమున మిక్కిలి జాగ్రత్త వలెను. బయటి గాలి చెడియున్నప్పుడు కిటికీలు మూసియుంచవలెను. ఐనను కొంత ధూళి చొరబడును గనుక ఆ సమయమున అగరువత్తులు, దోమలచుట్టలు వెలిగించుటగాని, వంటయింటిలో వేపుళ్ళు పెట్టుటగాని తగదు. చలికి బొగ్గుల కుంపటి పెట్టిన గదిలో వ్యాయామము చేయరాదు. మూసిన గదిలో కుంపటి ఉంచుటయే ప్రాణాపాయము. దానినుండి వచ్చు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు.

చేతులు చాచి చుట్టు తిరిగినను గోడకు, బల్లకు తగులనంత చోటు కావలెను. తడిసిన మొజాయికు నేలపైగాని, మేజోళ్ళతోగాని ఆడినచో జారిపడుదురు. మేడలలో నివసించువారు గెంతులు లేని ఆటలు ఎంచుకొన్నచో క్రిందివారితో తగవు తప్పును. చేతిపిడి పట్టీని మణికట్టుకు బిగించుకొనవలెను. పట్టీలు తెగి పిడులు ఎగిరిపోవుచున్నందున నింటెండో సంస్థ 2006 డిసెంబరులో సుమారు 32 లక్షల పట్టీలు మార్చి ఇచ్చుటకు పూనుకొన్నది. గంటల తరబడి ఆడుటయు కూడదు. టెన్నిసు ఆటలో మునిగి, మరునాడు భుజము నొప్పితో మేల్కొనిన ఒక యువకుని సంగతి 2007లో వైద్యపత్రికకెక్కినది. అతడు వైద్యుడే!

గుండెజబ్బు గలవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు, గర్భిణులు ముందు వైద్యుని అడుగవలెను. ఇన్సులిను తీసికొనువారు చక్కెర పలుకులు చేతికందునట్లుంచుకొనవలెను. వృద్ధులు బరువైన కుర్చీ వీపును పట్టుకొని ఆడవచ్చును. రొమ్ము నొప్పి, తల తిరుగుడు కలిగినచో వెంటనే మానవలెను.

యంత్రము కొనినంత మాత్రమున పిల్లలు చురుకుగా నుందురనుకొనరాదు. అమెరికాలోని హ్యూస్టనులో 9 మొదలు 12 ఏండ్ల పిల్లలకు కొందరికి కదిలి ఆడు ఆటలను, కొందరికి కూర్చుండి ఆడు ఆటలను ఇచ్చి మూడు నెలలు గమనించగా ఇరువురి మొత్తపు కదలికలో భేదము కనబడలేదని 2012లో ప్రకటించిరి. తాతయో తల్లియో పక్కన నిలిచి, సమయము నియమించి కలిసి ఆడుట మేలు. యంత్రము లేనివారు దానికై అప్పు చేయనక్కరలేదు; సూర్యనమస్కారములును, కుర్చీలోనుండి పలుమారులు లేచి కూర్చుండుటయు అదే పని చేయును.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ‘సమీర్’ ద్వారా ఫోనులో సూచిని చూచుకొనవచ్చును. అది 200 లోపునకు దిగిన దినమున ఆరోగ్యవంతులు తోటకు పోవచ్చును. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు 100కు దిగువ అగువరకు ఆగుట మంచిది. చలికాలపు ఢిల్లీలో అట్టి దినములు అరుదు గనుక ఇంటిలోని ఆ అరగంటను వారు విడువరాదు.